పొటాషియం 8.1

రాత్రి 12:30. ల్యాబ్‌లో నువ్వు తప్ప ఎవరూ లేరు. ఏసీ చలికి గ్లవ్స్ లోపల వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎనలైజర్ ఫ్యాను హోరు ఆగదు. స్పిరిట్ వాసన, దాని మాటున బ్లీచింగ్ వాసన. డ్యూటీ టెక్నీషియన్ గారు బ్లడ్ బ్యాంకులో ఉన్నారు. కాన్పు కేసుకు రక్తం కావాలి, క్రాస్‌మ్యాచ్ చేస్తున్నారు. వెళ్లేముందు ఒకటే మాట అన్నారు. "శాంపిల్స్ వేస్తూ ఉండు. తేడాగా ఏది కనిపించినా నాకు ఫోన్ చెయ్యి. నేను చూడందే రిపోర్టు కదలకూడదు."

నువ్వు ఇంటర్న్‌వి. బీఎస్సీ ఎంఎల్‌టీ క్లాసులు అయిపోయాయి. ఇక నేర్చుకునేదంతా ఈ బల్ల దగ్గరే. శ్రీకాకుళం జిల్లాలో ఒక పెద్దాసుపత్రి ఇది. పగలంతా కౌంటర్ ముందు జాతరే. రాత్రి మాత్రం ఒక్కో ట్యూబే వస్తుంది. ఒక్కోటీ తొందరగానే వస్తుంది.

కౌంటర్ మీద ట్రే చప్పుడు. వార్డు బాయ్ రెండు ట్యూబులు పెట్టి, రిజిస్టర్‌లో నీ సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. పర్పుల్ క్యాప్ ఒకటి, రెడ్ క్యాప్ ఒకటి. ముందు లేబుల్ చదువు. పేరు, వయసు, ఐపీ నంబరు. ఫారంతో పోల్చు. సరిపోయాయి. 22 ఏళ్ల కుర్రాడు. మూడు రోజులుగా జ్వరం, వాంతులు. సీబీసీ, కిడ్నీ, లివర్, ఎలక్ట్రోలైట్స్ రాశారు.

పర్పుల్ క్యాప్‌ను మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి సెల్ కౌంటర్‌కు ఇస్తావు. రెడ్ క్యాప్‌లో రక్తం గడ్డకట్టింది. సెంట్రిఫ్యూజ్‌లో దానికి ఎదురుగా అంతే బరువున్న ట్యూబు పెట్టి మూత వేస్తావు. పది నిమిషాలు తిరిగి ఆగుతుంది. తీసి లైటుకేసి ఎత్తి పట్టుకో. కింద ఎర్రటి గడ్డ, పైన సీరం. లేత పసుపులో తేటగా ఉంది. ఎరుపు జీర లేదు. అంటే ఎర్రకణాలు పగల్లేదు. శాంపిల్ బాగున్నట్టే.

స్క్రీన్ మీద ఒక్కో అంకె పడుతోంది. క్రియాటినిన్ 0.9. సోడియం 138. పొటాషియం 9.4.

ఆ అంకె ఒక్కటే ఎర్రగా ఉంది. పక్కన పైకి చూపే బాణాలు.

నీ గుండె దడదడ నీకే వినిపిస్తోంది. పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 6.5 దాటితే డాక్టర్లు పరుగెత్తుతారు. 9.4 అంటే గుండె ఆగిపోవాల్సిన అంకె.

ఏం చేస్తావు? వెంటనే డాక్టరుకు ఫోన్ చేయొచ్చు. మెషీన్‌కు ఏదో అయిందని పక్కన పెట్టేయొచ్చు. లేదంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించొచ్చు.

రిపీట్ నొక్కు. 9.3. క్యూసీ తీసి చూడు. సాయంత్రం వేసిన కంట్రోల్స్ రెండూ హద్దులోనే ఉన్నాయి. మెషీన్ తప్పేమీ లేదు, ట్యూబులో పొటాషియం నిజంగానే అంత ఉంది. మరి ఆ కుర్రాడి ఒంట్లో ఉందా?

వార్డుకు ఫోన్ కొడతావు. "సిస్టర్, ల్యాబ్ నుంచి. 14వ బెడ్ పేషెంట్ ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడండీ. ఇందాకే బాత్రూమ్‌కి నడిచి వెళ్లొచ్చాడు. పడుకోమంటే వినడు, సెల్లు చూసుకుంటున్నాడు."

9.4 పొటాషియంతో మనిషి అలా నడిచి తిరగడు. పైగా క్రియాటినిన్ 0.9, కిడ్నీలు పనిచేస్తున్నాయి. మనం తినే పొటాషియంలో దాదాపు తొంభై శాతాన్ని మూత్రంలో బయటికి పంపేవి కిడ్నీలే. అవి బాగున్నప్పుడు ఒంట్లో ఇంత ఎలా పేరుకుంటుంది?

స్క్రీన్ కిందికి జరుపు. కాల్షియం 4.1. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 11.

అక్కడ ఆగు. కాల్షియం 8.5 నుంచి 10.5 దాకా ఉండాలి. సగానికి పడిపోతే కండరాలు బిగుసుకుపోవాలి, వేళ్లు వంకర్లు తిరగాలి, ఫిట్స్ రావాలి. కుర్రాడేమో సెల్లు చూసుకుంటున్నాడు. పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో, మధ్యలో మనిషి కులాసాగా ఉన్నాడు. ఈ మూడూ ఒకచోట పొసగవు.

నీ చూపు బల్ల మీది పర్పుల్ క్యాప్ మీద పడుతుంది. దాని అడుగున ఉండే మందు ఏమిటి? పొటాషియం ఈడీటీఏ. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టే ఆ ట్యూబులో రక్తం పల్చగా ఉండిపోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి జింకు, మెగ్నీషియం కావాలి. వాటినీ వదలదు. తనతో తెచ్చిన పొటాషియాన్ని మాత్రం రక్తంలో కలిపేస్తుంది.

మళ్లీ వార్డుకు ఫోన్. "సిస్టర్, ఏమీ అనుకోకండి. రెడ్ క్యాప్‌లోకి పర్పుల్‌లోంచి ఏమైనా పోశారా?"

అవతల కాసేపు మాట లేదు. "రెడ్‌లో తక్కువొచ్చిందండీ. పిల్లాణ్ని మళ్లీ గుచ్చడం ఎందుకని పర్పుల్‌లోంచి కొంచెం కలిపాను. వార్డు మొత్తానికి నేనొక్కదాన్నే."

"పర్లేదు సిస్టర్. ఇంకోసారి తీసి పంపండి. ముందు రెడ్, తర్వాతే పర్పుల్."

టెక్నీషియన్ గారికి చెబుతావు. పాత శాంపిల్ రిజెక్ట్ చేసి కారణం రాయమంటారు. రాస్తావు. కాసేపటికి కొత్త ట్యూబు వస్తుంది. పొటాషియం 4.2. కాల్షియం 9.1.

ఆ 9.4 డాక్టరు చేతికి వెళ్లి, ఆయన దాన్ని నమ్మి ఉంటే? పొటాషియం దించడానికి ఇన్సులిన్ ఎక్కించేవారు. 4.2 ఉన్న కుర్రాడికి అది నిజంగానే పడిపోయేది. పొటాషియం మరీ తగ్గినా గుండె లయ తప్పుతుంది. లేని జబ్బుకు మందు వేసి, ఉన్న ఆరోగ్యం చెడగొట్టినట్టయ్యేది.

మొదటి ఏడాది ఫిజియాలజీ క్లాసు గుర్తు తెచ్చుకో. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అనే మాటే. "మనమేమన్నా డాక్టర్లమా? మెషీన్ అంకె ఇస్తుంది, మనం ప్రింటు తీస్తాం. గుండె, కిడ్నీ, నరం మనకెందుకు?" నువ్వూ నవ్వే ఉంటావు. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి, పేపరు ఇచ్చి బయటికొచ్చి వదిలేసిన పాఠం అది. మెషీన్‌కు తెలిసింది ట్యూబు వరకే. ట్యూబు అవతల ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషిలో ఏ అంకె పక్కన ఏ అంకె బతకగలదో తెలియాల్సింది నీకు.

1:50. సర్జికల్ వార్డు ట్యూబు. చేతికి చల్లగా తగులుతోంది.

"సాయంత్రం తీసిందండీ. ఫ్రిజ్‌లో పెట్టి పంపడం మర్చిపోయారు," అంటాడు వార్డు బాయ్. "పాడవలేదులెండి, ఫ్రిజ్‌లోనే ఉంది కదా."

నీకూ అలాగే అనిపిస్తుంది. లైటుకేసి పట్టి చూస్తావు. గడ్డ మీద తేలిన సీరం తేటగానే ఉంది. వేసేయాలా?

వేసేముందు ఆ ట్యూబులోకి ఒకసారి దిగు. నువ్వొక ఎర్రకణం గోడకు ఆనుకుని నిలబడ్డావు. లోపల పొటాషియం కిక్కిరిసి ఉంది, బయట ఉన్నదానికి ఇరవై రెట్ల పైమాటే. బయట సోడియం ఎక్కువ. పొటాషియం బయటికి జారిపోవాలని చూస్తుంది. సోడియం లోపలికి చొరబడాలని చూస్తుంది. గోడలో ఒక పంపు ఉంది. విడతకు మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది. చిల్లు పడ్డ పడవలోంచి జాలరి నీళ్లు తోడిపోస్తున్నట్టు, క్షణం తెరిపి లేకుండా. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో బయటపెట్టిన పంపు ఇది. 1997లో ఆయనకు నోబెల్ తెచ్చింది కూడా ఇదే.

ఇంత పనికి ఇంధనం ఎక్కడిది? ఏటీపీ. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి ఉంది, ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ద్రావణం నీలంగా మారుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో దాన్ని ప్రచురించారు. అదే ఫాస్ఫరస్ దారి పట్టుకుని వెళ్లి 1929లో కండరంలో ఏటీపీని చూపించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. రంగు చూసి కొలిచే ల్యాబ్ పని అంత దూరం తీసుకెళ్లింది.

ఇప్పుడు చలి మొదలైంది. ఫ్రిజ్ తలుపు మూసుకుంది. ఎంజైములు మందగించాయి. పంపు ఆగింది. గోడ పగల్లేదు, ఎరుపు బయటికి రాలేదు. పొటాషియం మాత్రం గంట గంటకూ జారిపోతోంది. పైకి చూస్తే సీరం తేటగానే ఉంటుంది. అంకె మాత్రం అబద్ధమవుతుంది.

పోనీ ఫ్రిజ్‌లో పెట్టకుండా బల్ల మీదే వదిలేస్తే? అప్పుడు ఇంకో చిక్కు. ట్యూబులో పడ్డాక కూడా రక్తం బతికే ఉంటుంది. ఎర్రకణాలకు గ్లూకోజే తిండి. సీరం వేరు చేయకపోతే అవి గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తూ పోతాయి. అందుకే ట్యూబు మీద పేరు ఎంత ముఖ్యమో, తీసిన టైము అంతే ముఖ్యం.

చల్లటి ట్యూబును రిజెక్ట్ ట్రేలో పెట్టి, కొత్తది పంపమని చీటీ రాస్తావు. వార్డు బాయ్ విసుక్కుంటాడు. విసుక్కోనీ.

2:40. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ. పెళ్లి పట్టుచీర కట్టుకుని ఉంది. కాళ్లకు ఇంకా పసుపు ఉంది. ఒక చేతిలో క్యాజువాలిటీ చీటీ, రెండో చేతి గుప్పిట్లో రెడ్ క్యాప్ ట్యూబు.

"బేగి సూడండి. మా ఇంటాయన లెగలేకపోతన్నాడు."

ట్యూబు అందుకో. ఆవిడ చేతి వెచ్చదనం దానికి ఇంకా అంటుకుని ఉంది. లేబుల్ చదువు. 54 ఏళ్లు. కవిటి మండలం. తీసిన టైము 2:10. జబ్బు గడిలో "సీకేడీ, డయాలసిస్ మీద" అని ఉంది.

ఉద్దానం మనిషి. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ పచ్చటి ఊళ్లు. ఆ ఊళ్లలోనే ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో కిడ్నీలు పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో ఇంకా ఖాయంగా తేలలేదు. వాళ్ల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఈయన మాత్రం పెళ్లి కోసం ఈ ఊరొచ్చి ఉన్నాడు.

రక్తం గడ్డకట్టింది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి మూత వేస్తావు. ఈ పది నిమిషాలు వృథా చేయకు. అడుగు.

"డయాలసిస్ ఎప్పుడయింది అమ్మా?"

"వారం దాటినాది. పిల్ల పెళ్లి కదా. రెండు మార్లు ఎల్లనేదు."

"ఏమన్నా తిన్నారా?"

"ఏటీ తిన్నేదు. నీరసంగా ఉందన్నాడని బొండాం నీళ్లు పట్టినాను. రెండు కాయలు."

నీ చెయ్యి పెన్ను మీదే ఆగిపోతుంది. నీరసంగా ఉన్న మనిషికి ఈ గడ్డ మీద ఎవరైనా ఇచ్చేది బొండాం నీళ్లే. ఆవిడ ప్రేమతో ఇచ్చింది. అయితే ఆ నీళ్ల నిండా పొటాషియమే. నీ ఒంట్లోకి వెళ్తే కాసేపట్లో మూత్రంలో పోతుంది. ఆయన ఒంట్లోకి వెళ్తే పోవడానికి దారి లేదు. దారి చూపే డయాలసిస్ రెండుసార్లు తప్పింది.

సెంట్రిఫ్యూజ్ ఆగింది. సీరం తేటగా ఉంది. మెషీన్‌లో పెట్టు.

యూరియా 210. క్రియాటినిన్ 13.6. సోడియం 131.

పొటాషియం 8.1.

ఈ రాత్రి ఒకసారి భయపడ్డావు, ఉత్తదని తేలింది. ఫ్రిజ్ ట్యూబు వేసి ఉంటే అదీ ఉత్తదే అయ్యేది. ఇది కూడా అంతే అనుకోవడానికి మనసు తొందరపడుతోంది. అనుకోకు. చూడు.

ఎరుపు ఉందా? లేదు.

కాల్షియం? 8.2. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్? 96. ఈడీటీఏ కలవలేదు.

ఫ్రిజ్? లేదు. తీసి గంట కూడా కాలేదు.

రిపీట్? 8.0.

మనిషి? లేవలేకపోతున్నాడు. కండరాల్లో సత్తువ పోయింది. కిడ్నీలు లేవు. డయాలసిస్ లేదు. బొండాం నీళ్లు రెండు కాయలు.

అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇది నిజం.

ఒక చేత్తో టెక్నీషియన్ గారికి ఫోన్. "సార్, డయాలసిస్ పేషెంట్, పొటాషియం 8.1, రిపీట్ 8.0. సీరం క్లియర్. కాల్షియం 8.2, పడిపోలేదు."

"క్యాజువాలిటీకి చెప్పు. ఇప్పుడే. నేనొస్తున్నా."

రెండో ఫోన్. రింగవుతోంది. ఎత్తరు. మళ్లీ చెయ్యి. ఎత్తారు.

"ల్యాబ్ నుంచి సార్. క్రిటికల్ వాల్యూ. పొటాషియం 8.1."

"హీమోలైజ్ అయ్యుంటుంది. ఇందాక కూడా వార్డులో ఏదో తప్పు శాంపిల్ అన్నారు కదా. ఇంకోటి తీసి పంపిస్తాం."

ఇక్కడే నీ చదువుకు పరీక్ష. సరే సార్ అని ఫోన్ పెట్టేయొచ్చు. ఆయన డాక్టరు. నువ్వు ఇంటర్న్‌వి. ఇంకో శాంపిల్ వచ్చి, గడ్డకట్టి, తిరిగి, రన్ అయ్యేసరికి ముప్పావుగంట. ఆ గుండెకు ముప్పావుగంట ఉందా?

పెట్టేయకు.

"సార్, హీమోలిసిస్ లేదు. సీరం తేటగా ఉంది. కాల్షియం 8.2, ఈడీటీఏ కూడా కలవలేదు. రెండుసార్లు వేశాను. రెండు డయాలసిస్‌లు తప్పాయట. కొబ్బరినీళ్లు తాగారట. ఒక్కసారి ఈసీజీ చూడండి సార్. శాంపిల్‌కు నేనే వస్తున్నా."

ఒక క్షణం నిశ్శబ్దం.

"కొబ్బరినీళ్లా?" ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. గొంతు అటు తిరిగింది. "సిస్టర్, ఈసీజీ! మానిటర్ పెట్టండి!"

గ్రీన్ క్యాప్ తీసుకో. హెపారిన్ ట్యూబు. గడ్డకట్టే దాకా ఆగక్కర్లేదు. పరుగెత్తు.

కారిడార్. తడి నేల. జారకు. క్యాజువాలిటీ తలుపు. మూడో మంచం.

మనిషి తెలివిలోనే ఉన్నాడు. కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. ఎడమ చేతి మీద ఉబ్బెత్తుగా ఫిస్టులా. ఆ చెయ్యి ముట్టకు. డయాలసిస్ సూది దిగాల్సిన చోటు అది. కుడి చెయ్యి పట్టుకో. పిడికిలి బిగించమనకు. బిగిస్తే కండరంలోంచి పొటాషియం వస్తుంది. టోర్నికే వదులుగా. నరం దొరికింది. సూది దిగింది. టోర్నికే విప్పు. ట్యూబు నిండుతోంది.

తలెత్తు. మానిటర్.

గీత మారింది. టీ అలలు సూదిగా లేచాయి. క్యూఆర్‌ఎస్ వెడల్పయింది. నాడి 44. గీత ఇంకా సాగుతోంది.

"కాల్షియం గ్లూకోనేట్! పది ఎంఎల్! మెల్లగా!"

సిస్టర్ చెయ్యి కదులుతోంది. నువ్వు ఊపిరి బిగబట్టావు. ఎవరూ మాట్లాడరు. గీత. మరో గీత.

ఇరుకవుతోంది.

క్యూఆర్‌ఎస్ ఇరుకవుతోంది. నాడి 52. 60.

నీ కాళ్లు వణుకుతున్నాయని ఇప్పుడు తెలిసింది.

పొటాషియం ఎక్కువైతే కాల్షియం ఎందుకిచ్చారు? గుండె కండరం కొట్టుకోవాలంటే కణం లోపలికీ బయటికీ కరెంటు తేడా ఉండాలి, దాదాపు మైనస్ 90 మిల్లీవోల్టులు. బయట పొటాషియం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది, సోడియం లోపలికొచ్చే ద్వారాలు సరిగా తెరుచుకోవు, గుండె గుండా కరెంటు నెమ్మదిగా పాకుతుంది. నువ్వు చూసిన వెడల్పు గీత అదే. కాల్షియం పొటాషియాన్ని ఒక్క పాయింటు కూడా తగ్గించదు. కణం గోడను నిలబెట్టి, గుండెకు కొంత గడువు తెస్తుంది. ఆ గడువులో ఇన్సులిన్, దాంతోపాటు చక్కెర పడిపోకుండా డెక్స్‌ట్రోజ్ ఇస్తున్నారు. ముఖానికి సాల్బుటమాల్ నెబ్యులైజర్ పెట్టారు. ఇవి చేసే పని నీకు తెలిసిందే. ఆ సోడియం–పొటాషియం పంపును ఉరికించి, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టిస్తాయి. అది ఇంకా ఒంట్లోనే ఉంటుంది. బయటికి పంపాల్సింది డయాలసిస్సే. డయాలసిస్ టెక్నీషియన్‌ను నిద్ర లేపడానికి ఎవరో ఫోన్ చేస్తున్నారు.

ఒకే రాత్రి కాల్షియం నీకు రెండుసార్లు అక్కరకొచ్చింది. ఒకసారి స్క్రీన్ మీద పడిపోయి అబద్ధాన్ని పట్టిచ్చింది. ఇంకోసారి సిరంజిలోంచి వెళ్లి మనిషి ప్రాణం నిలిపింది. పుస్తకంలో ఈ రెండూ ఒకే అధ్యాయం.

గ్రీన్ క్యాప్‌తో వెనక్కి వస్తావు. ప్లాస్మా పొటాషియం 8.2. టెక్నీషియన్ గారు వచ్చి స్క్రీన్ చూస్తారు, ట్యూబు లైటుకేసి చూస్తారు, కాల్షియం చూస్తారు. నువ్వు చూసిన వరసే. తర్వాతే సంతకం పెడతారు. "క్రిటికల్ రిజిస్టర్ రాశావా?"

రాయి. టెస్టు, విలువ, టైము, ఫోన్ ఎత్తినవారు, చెప్పింది తిరిగి చదివి వినిపించారా లేదా. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగుతుంది. హడావుడిలో ఆయన అంకెను తిరిగి చెప్పలేదు. ఉన్నదున్నట్టు రాసి, క్యాజువాలిటీకి ఫోన్ చేసి, ఇప్పుడైనా చెప్పించుకో. ఫోన్‌లో 8.1 అన్నది 3.1గా వినబడిన రోజున ఈ గడి విలువ తెలుస్తుంది.

4:15. క్యాజువాలిటీ నుంచి మరో శాంపిల్. పొటాషియం 6.7. దిగుతోంది. మనిషిని డయాలసిస్‌కు తీసుకెళ్లారని శాంపిల్ తెచ్చినవాడు చెబుతాడు. పెద్దావిడ కూడా వెంట వెళ్లిందట.

కళ్లు మండుతున్నాయి. మొహం మీద చన్నీళ్లు కొట్టుకొచ్చి, ఉదయం డ్యూటీ వాళ్లకోసం కంట్రోల్స్ బయటపెట్టి, మెషీన్‌కు వాష్ ఇస్తావు. ఇంకో గంటన్నరలో ఇంటికి. అంతలో కౌంటర్ మీద ట్రే చప్పుడు.

పీహెచ్‌సీ నుంచి రిఫరయి వచ్చిన షుగర్ పేషెంట్. 61 ఏళ్లావిడ. అక్కడ తీసిన ట్యూబునే వెంట పంపారు. రెడ్ క్యాప్. రక్తం గడ్డకట్టి, సీరం వేరు చేయకుండా అలాగే ఉంది. లేబుల్ మీద పేరుంది, వయసుంది. టైము లేదు.

వేస్తావు. గ్లూకోజ్ 52.

తక్కువ. షుగర్ మాత్రలు వేసుకునే మనిషికి నిజంగానే పడిపోయి ఉండొచ్చు. అలాగైతే నిమిషాలు కూడా లెక్కే. లేదా ఆవిడ ఒంట్లో 80 ఉండి, దారి పొడవునా ట్యూబులోని ఎర్రకణాలు తినేసి ఉండొచ్చు. అంకె ఒకటే, దాని వెనక మనుషులు ఇద్దరు. ఈ రాత్రి నేర్చుకున్న అనుమానం ఒక్కటే చాలదు, నమ్మకం ఒక్కటీ చాలదు.

నీ చెయ్యి అప్పుడే ఫోన్ మీద ఉంది.

"ల్యాబ్ నుంచి సిస్టర్. గ్లూకోజ్ 52 వచ్చింది. ముందు పేషెంట్‌ను చూడండి, తెలివిగా ఉన్నారా? చెమటలు పడుతున్నాయా? ఇప్పుడే గ్లూకోమీటర్‌తో వేలి చుక్క చూసి చెప్పండి, నేను లైన్లోనే ఉంటాను. గ్రే క్యాప్‌లో కొత్త శాంపిల్ కూడా తీయండి. ఆ, ఇంకొకటి. పీహెచ్‌సీలో ఈ రక్తం ఎన్నింటికి తీశారో వాళ్లింటివాళ్లను అడగండి."